ఎవరితో ఎలా మాట్లాడితే పని అవుతుంది: మనిషి తీరు పట్టుకునే పద్ధతి

మధ్యాహ్నం 2 గంటలకి పొద్దుటి 'ఎ' షిఫ్ట్ దిగి 'బి' షిఫ్ట్ ఎక్కే టైమ్‌లో విశాఖలో గాజువాక, పరవాడ వైపు ఏ ప్లాంట్‌కి వెళ్ళినా ఇది కనపడుతుంది. దిగే ఆయన బ్యాగ్ భుజాన వేసుకుని "ఆ మూడో పంప్ సౌండ్ తేడాగా ఉంది, ఓ కన్నేసి ఉంచు" అనేసి గేటు వైపు నడిచేస్తుంటాడు, ఎక్కే ఆయనేమో ఎప్పట్నుంచి తేడా, బేరింగ్ వేడెక్కిందా, రీడింగ్ తీశారా, లాగ్‌బుక్‌లో ఎందుకు రాయలేదు అని వెనకాలే అడుగుతుంటాడు. ఆయన లెక్కలో ఈయనది చాదస్తం, ఈయన లెక్కలో ఆయనది నిర్లక్ష్యం. ఇద్దరికీ పని వచ్చు, ఇద్దరికీ ఆ పంప్ ఆగిపోకూడదనే ఉంది, అయినా ఏళ్ళ తరబడి ఒకరంటే ఒకరికి పడదు. మధురవాడ, రుషికొండ వైపు ఐటీ ఆఫీసులకెళ్తే పంప్ ఉండదు గానీ గొడవ ఇదే, ఒకతను టీమ్ అంతా రోజూ పొద్దున్న కాసేపు మాట్లాడుకునే స్టాండప్ కాల్‌లో "అయిపోతుంది, ఈరోజే ఇచ్చేద్దాం" అంటాడు, పక్క సీటావిడ "టెస్టింగ్ అవ్వకుండా ఎలా ఇస్తాం" అంటుంది, సాయంత్రానికి ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఇలాంటి చోట ఏం చెయ్యొచ్చో షిఫ్టుల్లో పనిచేసి, తర్వాత కొత్తగా చేరిన పిల్లలకి ట్రైనింగ్ ఇస్తూ వచ్చినవాడిగా నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఎదుటి మనిషి ఎలాంటివాడో తీర్పు చెప్పేసి కూర్చుంటే పని జరగదు, అతని తీరు గమనించి మన మాట, చెప్పే టైమ్, మెసేజ్ రాసే పద్ధతి మనం మార్చుకుంటే జరుగుతుంది. నేను ఇక్కడ చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అతన్ని మార్చడం మన చేతిలో లేదు, మనం చెప్పే పద్ధతి మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

వీడియో తీస్తే కనపడేదే తీరు

ముందు అలవాటు చేసుకోవాల్సింది ఇది. ఎవరి గురించైనా మనసులో ఏదైనా అనుకున్నప్పుడు, ఫోన్‌లో వీడియో తీస్తే అది అందులో పడుతుందా అని ఆలోచించండి. "పొగరు" వీడియోలో పడదు. "పొద్దున్న వచ్చి ఎవర్నీ పలకరించకుండా తిన్నగా సిస్టమ్ ముందు కూర్చున్నాడు" పడుతుంది. "బద్ధకం" పడదు, "మెయిల్ పెట్టిన రెండ్రోజులకి జవాబిచ్చాడు" పడుతుంది. మీరు వాడుకోవాల్సింది పడేదాన్నే, ఎందుకంటే పలకరించకపోవడానికి పొగరే కారణం అవ్వాలని రూలేం లేదు కదా, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని లేటయ్యానన్న కంగారు అయ్యుండొచ్చు, ఇంట్లో ఎవరికో బాగోక రాత్రంతా కేజీహెచ్ ఆసుపత్రిలో కూర్చుని తిన్నగా డ్యూటీకి వచ్చుండొచ్చు, లేదంటే ముందు పని మొదలుపెట్టుకుని తర్వాత తీరిగ్గా మాట్లాడే అలవాటైనా అయ్యుండొచ్చు. ఎదుటివాళ్ళు ఏదైనా చేస్తే పరిస్థితి సంగతి వదిలేసి స్వభావాన్నే కారణంగా చూసెయ్యడం మనుషులందరికీ ఉన్న పొరపాటు, లీ రాస్ అనే సైకాలజిస్ట్ 1977లో దీనికొక పేరు కూడా పెట్టాడు. అందరం చేస్తాం కాబట్టే కావాలని ఆపుకోవాలి.

చూడాల్సినవి రెండే

మొదటిది స్పీడ్. మాట స్పీడ్, నడక స్పీడ్, నిర్ణయం తీసుకునే స్పీడ్. అడిగిన వెంటనే జవాబొచ్చేస్తుందా, "రేపు చెప్తాను" అంటారా. మీటింగ్‌లో మధ్యలో అందుకుంటారా, అందరూ అయ్యాక మాట్లాడతారా.

రెండోది, ముందు పనివైపు చూస్తారా మనిషివైపు చూస్తారా. దీనికి ఫోన్ కాల్ చాలు. ఒకరు ఎత్తగానే "ఆ, చెప్పండి" అంటారు, ఇంకొకరు "ఏటి గురూ, ఎలగున్నావ్, మొన్న బాబుకి జ్వరమన్నావు తగ్గిందా" అని మొదలుపెట్టి మూడు నిమిషాల తర్వాత అసలు విషయానికొస్తారు. ఏదీ తప్పు కాదు, ఎవరికి ఎలా మొదలుపెడితే ప్రాణానికి హాయిగా ఉంటుందన్నదే తేడా.

ఈ రెండూ కలిపితే నాలుగు తీర్లు వస్తాయి, ట్రైనింగ్‌లో నేను వాడే పేర్లే ఇక్కడా వాడతాను. స్పీడు, పని: ఈయన తేల్చేసే మనిషి. స్పీడు, మనుషులు: కలివిడి మనిషి. నెమ్మది, మనుషులు: నిలకడ మనిషి. నెమ్మది, పని: లెక్క మనిషి. పేర్లు నేను పెట్టుకున్నవే గానీ విషయం పాతది, విలియం మార్స్టన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1928లోనే మామూలు మనుషుల ప్రవర్తనని ఇలా నాలుగుగా విడగొట్టాడు. ఆయన చూసిన కోణం కొంచెం వేరు, మనిషి తన చుట్టూ ఉన్న పరిస్థితిని అనుకూలం అనుకుంటున్నాడా ఎదురు అనుకుంటున్నాడా, దానికంటే తనకి బలం ఎక్కువనుకుంటున్నాడా తక్కువనుకుంటున్నాడా అని చూశాడు. దీని మీద ఆయన పరీక్షంటూ ఏం తయారు చెయ్యలేదు, ఇప్పుడు కంపెనీల్లో డిస్క్ అని పెట్టే ప్రశ్నపత్రాలన్నీ ఆ తర్వాతవాళ్ళు చేసినవి. మనుషుల్ని ఇలా చూడటం ఆయనతో మొదలైందీ కాదు, పాత గ్రీకు వైద్యులు ఒంట్లో నాలుగు ద్రవాల లెక్క చెప్పారు, మనవాళ్ళు వాత పిత్త కఫాలన్నారు, సత్వ రజో తమో గుణాలన్నారు.

ఒక్క మనిషిలో నాలుగూ ఉంటాయి, ఒకట్రెండు ఎక్కువ కనపడతాయంతే. ఈ సంగతి గుర్తుంటే మిగతాదంతా సులువు.

తేల్చేసేవాళ్ళు, కలివిడివాళ్ళు

వీళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎందుకంటే ఏం కావాలో వాళ్ళే నోరు తెరిచి చెప్తారు. తేల్చేసే మనిషి దగ్గరికెళ్ళేటప్పుడు ముందు ఫలితం చెప్పండి, తర్వాత కారణం, అదీ అడిగితేనే. సమస్య ఒక్కటే మోసుకెళ్తే విసుక్కుంటారు, సమస్యతోపాటు రెండు దారులు పట్టుకెళ్ళి "ఇది చేద్దామా అది చేద్దామా" అంటే నిమిషంలో తేల్చేస్తారు. గొంతు పెరిగిందని మీరు ముడుచుకుపోవద్దు, చాలామందికి అది కోపం కూడా కాదు, మామూలు గొంతే. ఎదురు చెప్పాల్సొస్తే సూటిగా, తక్కువ మాటల్లో చెప్పండి, వాళ్ళకి అలా చెప్పేవాళ్ళంటేనే నమ్మకం.

కలివిడి మనిషికి ముందు పలకరింపు కావాలి, తర్వాత పని. వీళ్ళ దగ్గర అసలు జాగ్రత్త చివర్లో ఉంది. టీ దగ్గర అన్నీ ఒప్పుకుంటారు, మనస్ఫూర్తిగానే ఒప్పుకుంటారు, సీట్లోకెళ్ళేసరికి ఇంకో నలుగురికి ఇంకో నాలుగు ఒప్పుకునుంటారు. అందుకని మాట్లాడటం అయ్యాక "అన్నయ్యా, ఇందాక అనుకున్నట్టు బుధవారం లోపు స్టోర్స్ నుంచి గ్యాస్కెట్లు మీరు తెప్పిస్తారు, గురువారం మేం ఫిట్ చేస్తాం" అని చిన్న వాట్సాప్ పెట్టెయ్యండి. వాళ్ళని నమ్మక పెట్టేది కాదిది, నిజానికి వాళ్ళకది సాయం. ఇంకోటి, వీళ్ళు చేసిన పనిని నలుగురిలో మెచ్చుకుంటే ఆ నెలంతా ఉత్సాహంగా ఉంటారు, ఖర్చులేని పని, చెయ్యండి.

నిలకడ మనిషి దగ్గర మనం పోగొట్టుకునేది

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మన ఆఫీసుల్లో, ప్లాంటుల్లో అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగేది వీళ్ళకే అని నా గట్టి నమ్మకం. గొంతెత్తరు, ముందుకు రారు, ఎవరైనా రాలేదంటే వాళ్ళ షిఫ్ట్ కూడా వీళ్ళే లాగుతారు, డబుల్ డ్యూటీ చేసి కూడా ఏం అనరు. మీటింగ్‌లో "ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా" అంటే తల అడ్డంగా ఊపుతారు. మన దగ్గర దీనికి ఇంకోటి కూడా తోడవుతుంది, పెద్దవాళ్ళ ముందు, పైవాళ్ళ ముందు ఎదురు చెప్పకూడదని చిన్నప్పట్నుంచీ నేర్పించేశారు కదా, దాంతో "అలాగే సర్" అన్న మాటలో ఒప్పుకోవడం ఎంతో, మొహమాటం ఎంతో బయటికి తెలీదు. పైన ఉన్నవాళ్ళు దాన్ని ఒప్పుకున్నట్టే రాసేసుకుంటారు. మూడు నెలల తర్వాత ఆ మనిషి ట్రాన్స్‌ఫర్ అడిగితేనో, రిజైన్ చేస్తేనో "ఎప్పుడూ ఏం చెప్పలేదే" అని ఆశ్చర్యపోతారు.

వీళ్ళ మనసులో మాట బయటికి రావాలంటే అడిగే పద్ధతి మార్చాలి. నలుగురిలో అడగొద్దు, పక్కకి తీసుకెళ్ళి అడగండి, క్యాంటీన్‌లో టిఫిన్ చేసేటప్పుడైనా పర్లేదు. "ఓకేనా" అని అడిగితే ఓకే అనే అంటారు, అందుకని "ఈ పద్ధతిలో ఎక్కడ ఇబ్బందొస్తుందనుకుంటున్నారు" అని అడగండి, ఇబ్బంది ఉంటుందని మనమే ముందు ఒప్పేసుకున్నాం కాబట్టి వాళ్ళకి చెప్పడం తేలికవుతుంది. వెంటనే జవాబు రాకపోతే మీరు మాటలతో నింపెయ్యకండి, కాసేపు ఊరుకోండి, లేదా "రేపు చెప్పినా పర్లేదు" అనండి, మర్నాడు మాత్రం మర్చిపోకుండా మళ్ళీ వెళ్ళి అడగండి. మళ్ళీ అడిగినప్పుడే వాళ్ళకి నమ్మకం కుదిరేది. ఏదైనా మార్పు, కొత్త రోస్టర్ (డ్యూటీల పట్టిక) గానీ కొత్త సాఫ్ట్‌వేర్ గానీ సీటు మార్చడం గానీ, వీళ్ళకి అందరికంటే ముందు చెప్పండి, ఎందుకు మారుతుందో, ఏవి మారవో కూడా చెప్పండి. మార్పంటే వాళ్ళకి భయమేం లేదు, చెప్పాపెట్టకుండా నెత్తిన పడేస్తేనే తట్టుకోలేరు.

వీళ్ళ విలువ తెలియాలంటే 2014 అక్టోబర్ 12 తర్వాతి రోజులు గుర్తుచేసుకోండి. హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చెట్లు పడిపోయి కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. మామూలప్పుడు గట్టిగా మాట్లాడేవాళ్ళలో కొందరు ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయారు, ఎప్పుడూ నోరెత్తనివాళ్ళు కొందరు వీధి చివర ట్యాంకర్ దగ్గర క్యూ పెట్టించి, ముసలివాళ్ళ ఇళ్ళకి బిందెలు మోసుకెళ్ళి, ఎవరింట్లో ఏం లేదో గుర్తుపెట్టుకుని రోజుల తరబడి నడిపించారు. ఆ నిలకడ రోజూ మన సెక్షన్‌లో కూడా ఉంటుంది, మనం అడగం అంతే.

లెక్క మనిషి అడిగే ప్రశ్న

రీడింగ్ ఎంత, ఎవరు చెక్ చేశారు, పని మొదలుపెట్టడానికి ఇచ్చే పర్మిట్ మీద సంతకం అయ్యిందా, లైన్ నిజంగా ఐసొలేట్ చేశారా, అంటే మిగతా ప్లాంట్ నుంచి విడగొట్టారా. హడావుడిలో ఉన్నప్పుడు ఇలాంటి ప్రశ్నలు వింటే ఒళ్ళు మండుతుంది, నిజమే. కానీ ఇది పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, ఫార్మా యూనిట్లు అన్నీ పక్కపక్కనే ఉన్న ఊరు, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయ్యి జనం రోడ్ల మీద పడిపోయిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేరు. అలాంటి ఊళ్ళో ప్రశ్నలడిగేవాళ్ళని చాదస్తం అని నోరు మూయించడం నాకస్సలు ఒప్పదు.

వీళ్ళతో పనికి చిన్న చిట్కా ఏంటంటే, నోటితో చెప్పేముందే రాసి పంపెయ్యండి, చదువుకునే టైమ్ ఇచ్చి తర్వాత కూర్చోండి. "సుమారుగా", "దాదాపు", "అంతా బానే ఉంది" లాంటి మాటలు వాళ్ళకి జవాబులు కావు, అంకె చెప్పండి, తెలియకపోతే తెలీదు కనుక్కుని చెప్తాను అనండి, అలా అంటే మీ మీద గౌరవం పెరుగుతుంది. వాళ్ళ పనిలో తప్పు చూపించాల్సొస్తే నలుగురిలో అస్సలు వద్దు, ఏ లైన్‌లో ఏ అంకె తేడాగా ఉందో చూపిస్తే వాళ్ళే సరిచేసుకుంటారు. ఇక వీళ్ళు ఒక్కోసారి ఎప్పటికీ తేల్చరు, ఇంకో డేటా కావాలి ఇంకోటి కావాలి అంటూ ఉంటారు, అప్పుడు "ఏ ఒక్కటి తెలిస్తే మీరు సంతకం పెడతారు" అని అడగండి. వాళ్ళకీ తేలిక, మీకూ తేలిక.

మొదట్లో చెప్పిన పంప్ దగ్గర ఇది ఎలా పనికొస్తుందంటే, దిగే ఆయన లాగ్‌బుక్‌లో రెండు లైన్లు రాస్తే చాలు, ఎన్నింటికి సౌండ్ మొదలైంది, బేరింగ్ టెంపరేచర్ ఎంతుంది. ఎక్కే ఆయన ప్రశ్నలన్నీ ఒకేసారి గుమ్మరించకుండా "ఒక్క రెండే అడుగుతాను, తర్వాత మీరు వెళ్ళిపోండి" అంటే చాలు.

ఒకే పని, నలుగురికి నాలుగు రకాలుగా

సింహాచలం చందనోత్సవం వస్తుందనుకోండి. అక్షయ తృతీయ రోజు స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కసారే, ఈ చుట్టుపక్కల సెక్షన్లన్నిట్లో సగంమందికి ఆ రోజే సెలవు కావాలి. మీకు ఆ రోజు పొద్దుటి 'ఎ' షిఫ్ట్ పడింది, వేరేవాళ్ళతో మార్చుకోవాలి.

ఇన్‌చార్జి తేల్చేసే మనిషైతే మెసేజ్ ఇలా చాలు: "సర్, అక్షయ తృతీయ నాడు నాకు 'ఎ' షిఫ్ట్ పడింది. దర్శనానికి వెళ్ళాలి. నా బదులు ఎక్కడానికి మనిషి ఒప్పుకున్నారు, ఆయన శుక్రవారం సి షిఫ్ట్ నేను చేస్తాను. మీరు ఓకే అంటే రిజిస్టర్‌లో మార్పిస్తాను." అంతే. టిక్కెట్ ఎంత కష్టపడి దొరికిందో, అమ్మగారి మొక్కు ఎప్పటిదో ఇక్కడ అక్కర్లేదు. అదే కలివిడి మనిషైతే మెసేజ్ కంటే మనిషి వెళ్ళడం మంచిది, అక్కడ మొక్కు సంగతి కూడా చెప్పొచ్చు, ఆయనకీ వినాలనుంటుంది, ఓకే అన్నాక మాత్రం రాతలో పెట్టెయ్యండి. లెక్క మనిషికి రెండు వారాల ముందే రోస్టర్ ఫొటోతో సహా పంపండి, ఎవరికీ వరసగా రెండు షిఫ్టులు పడట్లేదని మీరే చూపించండి, ఆయన అడగబోయే ప్రశ్న అదే.

ఇక షిఫ్ట్ మార్చుకోమని మీరు అడగబోయేది నిలకడ మనిషినైతే, ముందు ఇది అడగండి: "మీరు గానీ ఆ రోజు కొండకి వెళ్దామనుకుంటున్నారా?" ఇది అడక్కుండా తిన్నగా "నా షిఫ్ట్ చేస్తారా" అంటే ఆవిడ సరే అనేస్తుంది, ఇంట్లోవాళ్ళతో అనుకున్న దర్శనం మానేసుకుని మరీ చేస్తుంది, మీకు ఎప్పటికీ తెలీదు. మంచివాళ్ళ మంచితనం మీద మన సెలవులు నడవకూడదు.

యాసని, భాషని తీరు అనుకోవద్దు

విశాఖలో దీని గురించి విడిగా చెప్పి తీరాలి. ఒకే టీమ్‌లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ళుంటారు, గోదావరి జిల్లాలవాళ్ళు, కృష్ణా గుంటూరువాళ్ళు ఉంటారు, ఒడిశావాళ్ళు, బెంగాలీలు, నేవీ నుంచి రిటైరై వచ్చిన ఉత్తరాదివాళ్ళుంటారు. ఉత్తరాంధ్ర మాట కొత్తగా విన్నవాళ్ళకి "ఏటి, ఎందుకలగ సేసినావు" అంటే గదమాయించినట్టు వినపడొచ్చు, అది ఇక్కడి ఇళ్ళల్లో ప్రేమగా మాట్లాడుకునే మాట. ప్రతి మాటకీ అండి తగిలించే ఆయన మెత్తని మనిషి అనుకుంటే అదీ పొరపాటే, ఆ అండిలోంచే పక్కాగా తేల్చేసేవాళ్ళు బోలెడుమంది. యాస వెక్కిరించడం మాత్రం ఎవరు చేసినా అక్కడికక్కడే ఆపాలి, వెక్కిరింత ఒక్కసారి పడ్డ పిల్లాడు మళ్ళీ మీటింగ్‌లో నోరు తెరవడు, మనమేమో "వాడు సైలెంట్ టైప్" అని రాసుకుంటాం.

భాష రానిచోట కూడా ఇంతే. ఒడిశా నుంచి వచ్చిన వెల్డర్ తెలుగులో నెమ్మదిగా, తక్కువ మాట్లాడతాడు, వాళ్ళ భాషలో ఫోన్ మాట్లాడేటప్పుడు చూస్తే పక్కా కలివిడి మనిషి. ఇంగ్లీష్‌లో జరిగే క్లయింట్ కాల్‌లో మాట్లాడని పల్లెటూరి అమ్మాయి కూడా అంతే. తీరు అంచనా వెయ్యాలంటే మనిషి తన భాషలో, తనవాళ్ళతో ఉన్నప్పుడు చూడాలి.

వేళ, పరిస్థితి

తెల్లవారుజామున నాలుగింటికి సి షిఫ్ట్‌లో అందరూ చిరాకు మనుషులే. రిపేర్ల కోసం ప్లాంట్ ఆపే షట్‌డౌన్ రోజుల్లో అందరూ తేల్చేసే మనుషులే. అప్రైజల్ వారంలో కలివిడి మనిషి కూడా ముడుచుకుపోతాడు. వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్ట్ 1968లో గట్టిగా వాదించింది ఇదే, మనిషి ప్రవర్తన చోటుని బట్టి, సందర్భాన్ని బట్టి చాలా మారుతుంది, ఒకచోట చూసి ఇంకోచోట ఎలా ఉంటాడో చెప్పడం కష్టం అని. ఆ తర్వాత దాని మీద పెద్ద చర్చే నడిచింది, మొత్తానికి మనిషిలో స్థిరంగా ఉండేది కొంత, పరిస్థితి తెచ్చేది కొంత, రెండూ ఉంటాయని తేలింది. మనకి కావాల్సిన సారం ఏంటంటే కనీసం మూడు వేరే వేరే సందర్భాల్లో చూడకుండా ఎవరి తీరూ అంచనా వెయ్యొద్దు. అందులో ఒకటి పని లేని సందర్భం అయితే ఇంకా మంచిది, బీచ్ రోడ్‌లో టీమ్ అంతా కలిసి నడిచినప్పుడో, ఎవరింట్లోనైనా గృహప్రవేశానికి వెళ్ళినప్పుడో.

పరీక్షల సంగతి

కంపెనీలు పెట్టే పర్సనాలిటీ టెస్టుల గురించి పిల్లలు బాగా అడుగుతారు. పదహారు రకాల మనుషులు అని నాలుగు అక్షరాల్లో చెప్పే మైయర్స్-బ్రిగ్స్ (ఎంబీటీఐ) టెస్ట్ ఉంది కదా, దాన్ని చేసింది కేథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసాబెల్ మైయర్స్, కార్ల్ యుంగ్ అనే స్విస్ మానసిక వైద్యుడు 1921లో చెప్పిన ఆలోచనల మీద కట్టారు, ఇద్దరూ సైకాలజీలో శిక్షణ పొందినవాళ్ళు కారు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది, దాని మీద ఉన్న పెద్ద విమర్శ అదే. ఉద్యోగంలోకి తీసుకోడానికి దాన్ని వాడొద్దని ఆ టెస్ట్ అమ్మే సంస్థే చెప్తుంది, అయినా వాడేవాళ్ళున్నారు. పరిశోధనలు చేసేవాళ్ళు ఎక్కువ నమ్మేది ఐదు లక్షణాల పద్ధతి, కొత్తదనం మీద ఇష్టం, పనిలో క్రమశిక్షణ, కలుపుగోలుతనం, ఎదుటివాళ్ళతో సర్దుకుపోవడం, ఆందోళనపడే గుణం, ఇవి ఐదూ ఎవరిలో ఎంత పాళ్ళు ఉన్నాయో కొలుస్తారు తప్ప మనిషిని ఒక డబ్బాలో పెట్టరు.

టెస్ట్ రిజల్ట్ చదివి "అచ్చం నేనే" అనిపించడం ఋజువు కింద రాదు. బెర్ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ 1948లో తన స్టూడెంట్స్‌కి ఒక టెస్ట్ పెట్టి, ఎవరి రిజల్ట్ వాళ్ళకి విడిగా ఇస్తున్నట్టు చెప్పి, నిజానికి అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు, అందులో మాటలు జాతకాల పుస్తకంలోంచి తీసినవి. ఎంత కరెక్ట్‌గా ఉందో 5కి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. అందుకని టెస్ట్ పెడితే రాయండి, దాని మీద మీ టీమ్‌తో మాట్లాడుకోండి, ప్రమోషన్‌కో ఎవరి చేతికి ఏ పని ఇవ్వాలో తేల్చడానికో మాత్రం అది ఆధారం కాకూడదు.

రెండు వారాల సాధన

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి, రోజూ మీకు పని పడే ఒక్క మనిషిని ఎంచుకోండి, అందర్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ తేలదు. రోజుకి రెండు మూడు లైన్లు, వీడియోలో పడేవి మాత్రమే రాయండి. "మీటింగ్‌లో మూడుసార్లు ఎప్పటికవుతుంది అన్నారు." "నేను ప్లాన్ చెప్తుంటే మధ్యలో ఫోన్ చూసుకున్నారు, ఖర్చు దగ్గరికొచ్చేసరికి తలెత్తారు." ఇలా. ఆ కాగితాలు ఎవరి కంటా పడనివ్వొద్దు, సాధన అయ్యాక చింపెయ్యండి, అది ఇంకో మనిషి గురించి రాసింది కాబట్టి.

మొదటి వారం చివర ఒక అంచనాకి రండి, రెండో వారం మీ వైపు నుంచి ఒకే ఒక్కటి మార్చండి. ఫోన్ చేసే చోట రాసి పంపండి, లేదా రాసే చోట వెళ్ళి మాట్లాడండి, లేదా చివర చెప్పే మాట ముందు చెప్పండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. తేడా రాకపోతే మీ అంచనా తప్పన్నమాట, వదిలేసి ఇంకోటి చూడండి. అన్నిటికంటే దగ్గరి దారి అడిగెయ్యడమే, చాలామంది దీన్ని ఎందుకో మొహమాటంతో వదిలేస్తారు: "మేడమ్, ఇలాంటి విషయాలు మీకు ముందు మాట్లాడి చెప్పమంటారా, మెయిల్‌లో పెట్టమంటారా?" ఈ ప్రశ్నకి ఎవరూ నొచ్చుకోరు.

ఇదే పని మీ గురించీ చెయ్యాలి. మీతో బాగా పని పడే ముగ్గుర్ని, అందులో ఒకరు మీ కంటే కిందివాళ్ళై ఉండాలి, "నాతో పనిచేసేటప్పుడు మీకు కష్టమనిపించేది ఒక్కటి చెప్పండి" అని అడగండి, చెప్తుంటే సమర్థించుకోకుండా వినండి, థాంక్స్ చెప్పి వచ్చెయ్యండి. కిందివాళ్ళు మొదటిసారి అడిగితే "ఏం లేదండీ" అంటారు, మామూలే, వారం ఆగి మళ్ళీ అడగండి.

ఎక్కడ వాడకూడదు

"ఆయన తీరే అంత, పట్టించుకోకు" అన్న మాట చాటున చాలా చెడ్డ పనులు దాక్కుంటాయి. సూటిగా మాట్లాడటం తీరు, కాంట్రాక్ట్ లేబర్‌ని బూతులు తిట్టడం తీరు కాదు. కలివిడితనం తీరు, ఆడవాళ్ళని ఇబ్బంది పెట్టే మాటలు, చేతులు తీరు కాదు. అలాంటిది జరిగితే మీరు మీ మాట మార్చుకుని సర్దుకుపోవాల్సిన అవసరం ఏమీ లేదు, తేదీ, టైమ్, ఎవరు చూశారో రాసిపెట్టుకుని ఫిర్యాదు చెయ్యండి. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి, మీ దగ్గర అందులో ఎవరెవరున్నారో నోటీస్ బోర్డ్‌లో చూసి పెట్టుకోండి.

సేఫ్టీ కూడా అంతే. పర్మిట్ లేకుండా లైన్ ఓపెన్ చెయ్యమన్నది తేల్చేసే మనిషైనా, నవ్వుతూ అడిగిన కలివిడి మనిషైనా, జవాబు నలుగురికీ ఒక్కటే, కాగితం వచ్చాకే స్పానర్ పట్టుకుంటాం.